చాల్లా

మద్రాసులో ఆర్చ్‌టాప్ గిటార్లు చేత్తో చేసేవాళ్ళు ముగ్గురున్నారు. నాలుగోవాడు ఉన్నాడేమో తెలియదు. ఉంటే ఈ ముగ్గురికీ కనబడకుండా తిరుగుతున్నాడంటే తెలివైనవాడే అయివుండాలి. ముగ్గురికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, పేరు 'ఆర్చ్‌టాప్ మేకర్స్ ఆఫ్ మద్రాస్'. ముగ్గురు సభ్యుల్లో ఇద్దరు అడ్మిన్లు. మిగిలిన ఆ ఒక్క ప్రజ కోదండరాం.

ఈ సంగతి తనకేమీ పట్టదని కోదండరాం అనుకునేవాడు. రోజూ అనుకునేవాడు. పట్టని విషయాన్ని మనిషి రోజూ అనుకోడని అతనికి తెలుసు. అయితే తెలిసినంత మాత్రాన మనసు ఊరుకుంటే లోకంలో ఇన్ని గ్రూపులు ఉండేవి కావు.

అతనిది సౌకార్‌పేట పక్క సందులో స్టీలు సామాన్ల హోల్‌సేలు కొట్టు. అంటే కొట్టు అన్నగారిది, లెక్కలు ఇతనివి. కొట్టు మీద ఇల్లు, ఇంటి మీద డాబా, డాబా మీద రేకుల గది. ఆ గదిలో అతను గిటార్లు చేస్తాడు. చేస్తాడు అనడం కంటే చేస్తుంటాడు అనడం న్యాయం.

మామూలు గిటారు పైపలక అప్పడంలా సాపుగా ఉంటుంది. ఆర్చ్‌టాప్ అలా కాదు. అంగుళం మందమున్న చెక్కను తీసుకుని, వయొలిన్ పొట్టలా మధ్యలో ఉబ్బెత్తుగా వచ్చేట్టు లోపలా బయటా చెక్కుకుంటూ పోవాలి. ఆ ఉబ్బు మీద బ్రిడ్జి నిలబడుతుంది. దాని మీదుగా పోయే తీగలు పగలూ రాత్రీ దాన్ని కిందికి నొక్కుతూ ఉంటాయి. పలక మందంగా ఉంటే గిటారు మూగది. పల్చబడేకొద్దీ పలుకుతుంది. మరీ పల్చబడితే ఇంకా బాగా పలికి, ఆ తర్వాత కుంగుతుంది. ఎక్కడ ఆపాలన్నదే విద్య, మిగతాదంతా వడ్రంగం. గీకేసిన చెక్కను మళ్ళీ అంటించిన మేకరు ఇంతవరకూ పుట్టలేదు.

కోదండరాం మొదటి పలక చీలింది. రెండోది గిటారు దాకా వచ్చింది. దాన్ని ఆంటో ఒళ్ళో పెట్టుకుని కాసేపు వాయించి, తిరిగి ఇచ్చేస్తూ, "బీరువా బాగుందప్పా" అన్నాడు.

ఆ మాట కోదండరాం లోపలికి దిగి, అక్కడ ఒక కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇప్పుడు చేస్తున్నది మూడోది. దీన్ని ఆంటో గిటారు అనాలి. అంతకంటే పెద్ద కోరిక అతనికి లేదు. ఉండివుంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఆంటోది రాయపురం, చేపల రేవు పక్క వీధి. చర్చి బ్యాండులో వాయిస్తాడు. చదువు లేకపోయినా చెక్క భాష తెలిసిన మనిషని మూడో మేకరు ప్రేమ్‌నాథ్ అతని గురించి ఊరంతా చెబుతుంటాడు గాని, అది ప్రేమ్‌నాథ్ కల్పన. ఆంటో ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో గుమాస్తా, బీకాం. కోదండరాం పాసైన సంవత్సరమే పాసయ్యాడు, క్లాసు కూడా అదే. చెక్క భాష సంగతి ఎలా ఉన్నా, మనుషుల భాష పూర్తిగా వినే ఓపిక కూడా అతనికి లేదు. కాకపోతే అతని చెవి మంచిది. ఆ సంగతి అతనే చెబుతాడు.

ఇక ప్రేమ్‌నాథ్ షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ మేనేజరు. అపార్ట్‌మెంట్ కారు షెడ్డులో కంప్యూటరుతో నడిచే మెషిను పెట్టి, అసోసియేషన్ వాళ్ళ నోటీసులు అందుకుంటూ, చేత్తో గిటార్లు చేస్తాడు. మెషిను బటను నొక్కేది చేత్తోనే గదా.

వీళ్ళిద్దరి దగ్గరా కోదండరాం నేర్చుకున్నది తక్కువేమీ కాదు. అడగకుండా నేర్చుకున్నాడు, అంతే. అడగటమంటే ఆ క్షణానికి ఎదుటివాడి కంటే పొట్టివాడు కావటమని అతని లెక్క. అందుకని అతనొక పద్ధతి కనిపెట్టాడు. తనకు అనుమానమున్న భాగాన్ని ఫోటో తీసి, కింద ఏమీ రాయకుండా గ్రూపులో పెడతాడు. వాళ్ళు ఏదో ఒకటి అంటారు. దాన్ని ముందే తెలిసినట్టు బొటనవేలు గుర్తుతో స్వీకరిస్తాడు. పదేళ్ళు మనస్తత్వ శాస్త్ర పుస్తకాలు చదివి తన గురించి తాను సంపాదించిన జ్ఞానమంతా ఈ పద్ధతిని మెరుగు పెట్టుకోవటానికే ఉపయోగపడింది.

అక్టోబరు చివర్లో మూడో పలక ఒక దశకు వచ్చింది. అంచు పట్టుకుని చెవి దగ్గర వేలాడదీసి, వేలి కణుపుతో తడితే, లోపల ఎక్కడో ఎవరో తలుపు తెరిచినట్టు మోగింది. ఇక్కడ ఆపాలా? ఇంకా గీకాలా? కోదండరాం ఆ మోతను ఫోనులో రికార్డు చేసి ఆంటోకి పంపాడు. కింద ఒక్క మాట రాశాడు: 'సుమ్మా, వినడానికి.' అంటే, ఊరికేనని.

అలివేలు మెట్ల దగ్గర నిలబడి ఉంది. అతని భార్య. భోజనానికి పిలవటానికి పైకి వచ్చి ఇదంతా చూసింది.

"ఆపాలా వద్దా అని ఆయన్నే అడగొచ్చు గదా."

"అడిగేదేముంది. వినమని పంపినా."

"పొద్దున్నించి ఏమీ తినలా మీరు. చెక్కను తడతా కూర్చుంటే కడుపు నిండతాదా?"

జవాబు వచ్చింది. కోదండరాం ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. రేవులో వేలంపాట, ఏదో లారీ హారను, కాకుల గోల. మధ్యలో ఆంటో గొంతు: "విన్నా, విన్నా. చాల్లా."

అంతే. అంతకుమించి ఒక్క అక్షరం లేదు.

చాల్లా. చాలలేదు. కోదండరాంకి ఈ మాట కొత్తది కాదు. లెక్కల్లో తొంభై నాలుగు తెచ్చుకున్నప్పుడు వాళ్ళ నాన్న మార్కుల కాగితాన్ని గోలీ సోడా కొట్టు రశీదులా మడిచి వెనక్కిస్తూ అన్న మాట అది. ఉద్యోగానికి వెళ్తానన్నప్పుడు జీతం అంకె విని అన్నదీ అదే. అతని చెవిలో ఆ మాటకు సొంత గది ఉంది, పరుపు ఉంది, దిండు ఉంది. అది వచ్చినప్పుడు ఎవరని అడిగే అలవాటు అతనికి లేదు.

"ఏమంటాడు?" అంది అలివేలు.

"చాల్లేదంట. ఇంకా గీకాల్నంట."

"ఎంత గీకాల్నో అడగండి మరి."

"నాకు తెలీదా ఎంత గీకాల్నో."

తెలియదు. అయినా ఆ సాయంత్రం, ఆ మర్నాడు, ఆ పై ఆదివారం అతను గీకుతూనే ఉన్నాడు. స్టీలు రేకు అంచు కింద చెక్క పొట్టు పొరలు పొరలుగా లేచింది. ఒక దశలో పలకను రెండు బొటనవేళ్ళతో నొక్కితే అది కొద్దిగా ఊగింది. భయం వేసింది. భయం వేసిందంటే నేర్చుకుంటున్నామన్నమాట అని ఏదో పుస్తకంలో చదివినట్టు గుర్తొచ్చి, ఆ భయానికి నమస్కారం పెట్టి మరికాస్త గీకాడు. తర్వాత పెట్టె మూసి జిగురు పెట్టాడు, తీగలు బిగించాడు.

ప్రేమ్‌నాథ్ తన అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసులో మేకర్ల సమావేశం ఏర్పాటు చేశాడు. గోడకు బ్యానరు కట్టాడు. వచ్చినవాళ్ళు ముగ్గురు మేకర్లు, అలివేలు, ఏసీ రిమోటు కోసం వచ్చిన వాచ్‌మన్. బజ్జీలు మాత్రం ఇరవై మందికి తెప్పించాడు.

ఆంటో గిటారు తీసుకున్నాడు. ఒక తీగ మీటాడు. తర్వాత వాయించటం మొదలుపెట్టి, చాలాసేపు ఆపలేదు. గది నిండిపోయింది. వాచ్‌మన్ రిమోటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ప్రేమ్‌నాథ్ బజ్జీ నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయాడు.

"సెమ సౌండ్ అణ్ణా ఇది," అన్నాడు మింగాక. "వేరే లెవెలు. నా మెషినుకు ఇది రాదు."

ఆంటో గిటారును తిరగేసి, పైపలక మీది ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి లోపలికి చూసి, మళ్ళీ బోర్లించాడు. "యెట్ల చేసినావప్పా?" అన్నాడు.

ఆంటో కోదండరాంని ఏదైనా అడగటం అదే మొదటిసారి. నువ్వు చెప్పినట్టే చేసినా అన్న నిజం కోదండరాం నాలుక చివరిదాకా వచ్చింది. ఆంటో అదేమీ తెలియనట్టు అడుగుతున్నాడంటే, పదిమందిలో పరువు తనకే వదిలేసేంత పెద్దమనసన్నమాట అనుకున్నాడు. అంత పెద్దమనసును కాదనటం మర్యాద కాదనిపించింది.

"చెయ్యి చెబుతాది ఆంటో," అన్నాడు. "ఆడ ఆపాలని చెయ్యే చెబుతాది."

అలివేలుకు బజ్జీ కారం గొంతుకు అడ్డం పడి దగ్గు వచ్చింది. దగ్గు చాలాసేపు తగ్గలేదు.

ప్రేమ్‌నాథ్ దగ్గర అయస్కాంతంతో మందం కొలిచే పరికరం ఒకటి ఉంది. పలకంతా కొలిచి, అంకెలన్నీ వరసగా గ్రూపులో పెట్టాడు. పెట్టి, అక్కడికక్కడే కోదండరాంని అడ్మిన్ చేశాడు. ఫోను చిన్నగా మోగింది. కోదండరాం దాన్ని చూడనట్టు నటించి, మూత్రానికి వెళ్ళొస్తానని చెప్పి, లోపల తలుపు వేసుకుని చూశాడు.

అతను బయటికి వచ్చేసరికి ఆంటో తన మాట చెబుతున్నాడు. చాలా ఏళ్ళ కిందట రేవులో ఒక పాత తెరచాప పడవను విప్పేస్తుంటే, దాని నిలువు కొయ్యను అడిగి తెచ్చుకున్నాడు ఆంటో. మంచి స్ప్రూస్ చెక్క. వందేళ్ళు ఎండినది. దాన్ని నిలువునా కోసి, నాలుగు ముక్కలు పక్కపక్కన అతికించి ఒక పలక చేసి మంచం కింద దాచాడు. ధైర్యం చాలక ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు. ఈమధ్యే పైపైన చెక్కడం మొదలుపెట్టాడు. అలాంటిది మళ్ళీ దొరకదు, ఆ పడవ ఒకటే, ఆ కొయ్య ఒకటే.

"ఇంక నీ లెక్కకే దించేస్తా," అన్నాడు కోదండరాంతో. "కణక్కపిళ్ళ లెక్క తప్పదుల?" కణక్కపిళ్ళంటే అరవంలో లెక్కలు రాసేవాడు.

"తప్పదు," అన్నాడు కోదండరాం.

వారం తిరక్కుండానే గిటారు గరగరమనడం మొదలుపెట్టింది. తీగలు మెడ మీది లోహపు గీతలకు తగులుతున్నాయి. కోదండరాం బ్రిడ్జిని కాస్త ఎత్తాడు. బాగుంది. మర్నాడు మళ్ళీ గరగర. మళ్ళీ ఎత్తాడు. మూడోసారి స్టీలు స్కేలు తెచ్చి పలక మీద అడ్డంగా నిలబెట్టి, కిటికీ వైపు తిప్పి చూశాడు. ఉబ్బు ఉండాల్సిన చోట, బ్రిడ్జి కాళ్ళ దగ్గర, ఉబ్బు తగ్గి సన్నటి వెలుగు దూరింది.

కుంగుతోంది.

అప్పుడతని మనసులో మొట్టమొదట పుట్టిన ఆలోచనను అతనే తర్వాత చాలాసార్లు తిరగేసి చూసుకున్నాడు, ఎవరో పోగొట్టుకున్న చెప్పును చూసినట్టు. ఆ ఆలోచన ఇది: ఆంటో చెప్పబట్టే. క్లబ్‌హౌసులో తన చేతికి ఇచ్చుకున్న ఘనత నిమిషం కూడా ఆలస్యం లేకుండా రాయపురానికి తిరిగి వెళ్ళిపోయింది. అసలు యజమానికి చేర్చినంత నిజాయితీగా.

అదే రోజు గ్రూపులో ఆంటో ఫోటో పెట్టాడు. పడవ కొయ్య పలక. దాని మీద పెన్సిలుతో చోటుచోటా ప్రేమ్‌నాథ్ అంకెలు. కింద, 'ఆదివారం ప్రేయర్ అయినాక ఫినిష్.'

కోదండరాం రాశాడు: 'ఆంటో, కొంచెం ఆగు.' చెరిపాడు. 'ఈ మందం మీద నాకు కొన్ని పునరాలోచనలు ఉన్నాయి' అని రాశాడు. ఆ వాక్యం అతనికి నచ్చింది. నచ్చిందంటే అందులో నిజం తక్కువన్నమాట, దాన్నీ చెరిపాడు. ఫోను చెయ్యాలంటే నా గిటారు పోయింది అన్న మాట నోటితో పలకాలి. ఆ మాట ఆంటో దగ్గర పలకటం కంటే గిటారు పోవటమే తేలికగా కనిపించింది.

చివరికి అతనికి ఒక ఉపాయం తట్టింది. తను ఇప్పుడు అడ్మిన్. అడ్మిన్ ఎవరి సందేశాన్నయినా తీసెయ్యొచ్చు. ప్రేమ్‌నాథ్ పెట్టిన అంకెల సందేశాన్ని వెతికి, నొక్కిపట్టి, తీసేశాడు. మూడేళ్ళు ఆశపడ్డ అధికారాన్ని అతను వాడిన మొదటి సందర్భం అది. దాని స్థానంలో ఒక వరస కనబడింది: ఈ సందేశాన్ని అడ్మిన్ కోదండరాం తొలగించారు.

తన పేరు కూడా పడుతుందని అతనికి తెలియదు.

ప్రేమ్‌నాథ్ ఒక ప్రశ్నార్థకం పంపాడు. ఆంటో గొంతు సందేశం పంపాడు: "ఆహా. కణక్కపిళ్ళ లాకర్లో పెట్టి తాళమేసేసినాడు. పరవాల్లే సామీ, నేను ముందే పలక మీద రాసుకున్నా."

డాబా మీద బట్టలు తీస్తూ అలివేలు అంతా విన్నది. స్కేలు, గిటారు, మొగుడి మొహం, మూడూ చూసింది.

"ఆయనకు ఫోను చేసి చెప్పండి."

"చెప్తా. ఆదివారం దాకా టైముంది."

"దేనికి టైము? చెప్పేదానికా, ఆయన పలక పాడయ్యేదానికా?"

ఆ ప్రశ్న అడుగున ఉన్నది కోదండరాంకి అప్పుడే కనబడింది. ఆంటో పలక కూడా కుంగితే ఇది తన తప్పు కాదు. రెండు గిటార్లు కుంగితే అది మందం తప్పు, వాతావరణం తప్పు, ఆర్చ్‌టాప్ అనే జాతి తప్పు. ఒక్కడే పడితే పడ్డాడంటారు, ఇద్దరు పడితే నేల జారుడుగా ఉందంటారు. తనలో ఒక మనిషి చేతులు కట్టుకుని ఆదివారం కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ మనిషి చాలా ప్రశాంతంగా ఉన్నాడు. కోదండరాంకి నచ్చనిది అతని ప్రశాంతత.

ఆదివారం పొద్దున అతను గిటారును పాత దుప్పట్లో చుట్టి ఆటో ఎక్కాడు. దారి పొడుగునా రెండు వాక్యాలు వల్లె వేశాడు. ఒకటి, గీకొద్దు. రెండోది, నువ్వు చెప్పబట్టే ఇదంతా. మొదటిది రక్షించటానికి, రెండోది రక్షించుకోవటానికి. రెండూ ఒకే ఆటోలో పడతాయో లేదోనని కూడా అతను ఆలోచించలేదు.

ఆంటోవాళ్ళది మొదటి అంతస్తు. వసారాలో బల్ల, బల్ల మీద తివాచీ ముక్క, దాని మీద పలక. ఆంటో చర్చికి వేసుకున్న తెల్ల చొక్కా విప్పేసి బనీను మీద ఉన్నాడు. చేతిలో గీకే రేకు. కాళ్ళ దగ్గర పొట్టు. లోపల అతని భార్య కలైసెల్వి చేపలు కడుగుతోంది.

"దా దా. లాకరు తాళం తెచ్చినావా?"

"గీకొద్దు ఆంటో."

"ఏం?"

"నాది కుంగతా ఉంది. ఆ మందం పనికిరాదు."

ఆంటో రేకు పక్కన పెట్టాడు. దుప్పటి విప్పి గిటారు తీసుకుని గోడకు ఆనుకుని వాయించాడు. వీధిలో చేపల బుట్టల వాళ్ళు ఇద్దరు తలెత్తి చూశారు. నిజానికి ఆ రోజు గిటారు క్లబ్‌హౌసులో కంటే బాగా పలికింది. పోయే ముందు అలాగే పలుకుతాయి కాబోలు.

"ఇదా కుంగింది?"

కోదండరాం స్కేలు తీసి, పలక మీద నిలబెట్టి, వెలుగు చూపించాడు.

"గాలి," అన్నాడు ఆంటో. "ఈ ఊళ్ళో నవంబరు వస్తే తలుపులే పట్టవు. చెక్క అన్నాక ఆడతాది. నాకు తెలీదా?"

"గాలి కాదు. రోజూ బ్రిడ్జి ఎత్తతా ఉండా."

ఆంటో చాలా శాంతంగా చూశాడు. "చూడప్పా. నాది నీదాని కంటే బాగొస్తాదని నీకు భయం. ముందు నంబర్లు తీసేసినావు. అది పని చెయ్యకపోతే ఇప్పుడు ఈ కథ తెచ్చినావు. నేనేం కోపం పెట్టుకోలేదు. నేనైనా అట్లనే చేసుంటా."

నిజం చెబితే నమ్మకపోవటం అనేది కోదండరాంకి కొత్త అనుభవం. నిజం చెప్పిన అనుభవమే తక్కువ కావటం వల్ల అతనికి దానికి తగిన అభ్యాసం లేదు. మొదటి వాక్యం అయిపోయింది గనుక రెండోది దానంతటదే బయటపడింది.

"నాకేం భయం? అసలు నువ్వు చెప్పబట్టే గదా ఇదంతా. చాల్లా అని నువ్వే గదా అన్నావు."

"అన్నా. చాల్లా అన్నా. మరి ఎందుకు గీకినావు?"

"చాల్లా అంటే గీకక ఇంకేం చేస్తారు?"

"చాల్లా అంటే ఆపతారు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇంతసేపూ ఒకే పటం చూస్తూ వేరువేరు ఊళ్ళలో ఉన్నామని తెలిసిన బాటసారుల్లా.

"ఏమే," అని ఆంటో లోపలికి కేకేశాడు. "చాల్లా అంటే ఏంది?"

"చాలు, ల? అరవంలో పోదుంల? అని," అంది కలైసెల్వి, చేప చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి. "ఏం, ఇంకో ముక్క కావాల్నా? అన్న కూడా తింటాడని నాలుగు ముక్కలు ఎక్కువే కోసినాను."

అంతే సంగతి. రాయపురం తెలుగులో ప్రతి మాట తోకకూ ఒక అరవ 'ల' వేలాడుతుంది. వస్తావుల, తిన్నావుల, చాలుల. వస్తావు గదా, తిన్నావు గదా, చాలు గదా అని. కోదండరాం ఇంట్లో అయిదు తరాలుగా మద్రాసులో ఉండి కూడా నెల్లూరి తెలుగును ఊరగాయ జాడీలా గుడ్డ కట్టి కాపాడుకుంటున్నారు. అక్కడ రాలా అంటే రాలేదు, తినలా అంటే తినలేదు. అరవం అతనికి రాక కాదు. కొట్టులో రోజంతా మాట్లాడేది అదే. కానీ తెలుగు చెవిన పడితే మాత్రం అతను తన ఇంటి చెవి పెట్టుకుని వింటాడు. అది నాన్నగారి చెవి కూడా.

కోదండరాం ఫోను తీసి ఆ పాత గొంతు సందేశం మళ్ళీ పెట్టాడు. ఈసారి ఇయర్‌ఫోన్లు లేవు. వేలంపాట, లారీ, కాకులు. "విన్నా, విన్నా. చాల్లా." ఎంత స్పష్టంగా ఉంది. ఇష్టంగా, కొంచెం ఆశ్చర్యంగా, ఇంక ముట్టుకోకు అన్నట్టు. ఇంకోసారి పెట్టాడు. ఆ రోజు తాను విన్నదాన్ని ఎంత వెతికినా వినలేకపోయాడు. ఆ తిట్టు ఆ ఫోనులో ఎప్పుడూ లేదు.

మూడోసారి పెట్టబోతుంటే ఆంటో అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నన్ను మళ్ళీ అడిగుండొచ్చు గదప్పా. ఏంది చాల్లా అని."

కోదండరాం పలక మీది పెన్సిలు అంకెలను చదివాడు. జవాబు వాటిలో లేదు.

ఆంటో ఏదో లెక్క వేసుకుంటున్నాడు. లెక్క తేలినట్టు అతని మొహం మొదట వెలిగింది: "అంటే ముందున్న మందమే కరెక్టు. నా చెవి తప్పలేదు." తర్వాత ఆ వెలుగు మెల్లగా తగ్గింది. "ఒక్క నిమిషం. నువ్వు నేను చెప్పినట్టే చేసినానని అనుకుంటా ఉండావుల? అట్లనుకుంటానే ఆ రోజు అందరి ముందర, చెయ్యి చెబుతాది అన్నావుల?"

"అన్నా."

"చెయ్యి."

"ఊఁ."

కలైసెల్వి చేపతో సహా లోపలికి వెళ్ళిపోయింది. కొన్ని మాటలప్పుడు ఆడవాళ్ళు ఉండకూడదని కాదు, చేప పాడవుతుంది.

గిటారు ఇంకా ఆంటో ఒళ్ళోనే ఉంది. బొటనవేలితో కింది తీగను ఒకటే మీటుతున్నాడు. ఆ శబ్దం అతన్ని వదలటం లేదని కోదండరాం గ్రహించాడు. నిజం మొత్తం తెలిశాక కూడా ఆ మనిషి చూపు గీకే రేకు వైపే పోతోంది.

"ఇట్ల ఎన్నాళ్ళు పలుకుతాది?" అన్నాడు ఆంటో.

"తెలీదు. నెల. రెండు నెల్లు."

"రెండు నెల్లంటే క్రిస్మస్ దాటుతాది."

"ఆంటో."

"సుమ్మా అన్నా."

సుమ్మా అనలేదని ఇద్దరికీ తెలుసు. పడవ కొయ్య పలక బల్ల మీద ఎండలో పడి ఉంది, మూడు అతుకుల గీతలతో. దాన్ని ఇక్కడ వదిలి వెళ్తే సాయంత్రానికి ఈ మనిషి ఏం చేస్తాడో కోదండరాంకి తెలుసు, ఎందుకంటే అతని స్థానంలో తానైతే ఏం చేస్తాడో తెలుసు.

"నా గిటారు ఈడ్నే పెట్టి పోతా," అన్నాడు. "తీగలు వదులు చెయ్యొద్దు. బిగించే ఉంచు. రోజూ స్కేలు పెట్టి చూడు. పూర్తిగా కుంగి చీలేదాకా నీ కంటితో చూడు. ఆ తర్వాత గీకాలంటే గీకు."

ఇప్పుడే తీగలు వదులు చేస్తే, వెనక పలక విప్పి, లోపల ఒక బద్ద అదనంగా పెట్టి గిటారును బతికించవచ్చునేమో. నెల రోజులు ఇలాగే ఉంటే అది కట్టెల్లోకే. ఈ మాట అంటున్నప్పుడు కోదండరాం తన గొంతులో కాస్త గొప్పతనం వినిపించి తానే వెగటు పడ్డాడు. త్యాగం చేస్తూ కూడా అద్దంలో చూసుకునే జాతి తనది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. దానికి కారణం మంచితనమో, మళ్ళీ అదే గొప్పతనమో, ఆ లెక్క ఎప్పుడూ సరిపడదు.

ఆంటో గిటారును నిలువుగా పట్టుకుని పక్కనుంచి చూశాడు. స్కేలు అడిగి తీసుకుని, తానే పెట్టి, తానే ఒక కన్ను మూసి చూశాడు. ఈసారి గాలి అనలేదు. తర్వాత మరొక్కసారి వాయించాడు, చాలా తక్కువసేపు. ఆగి, తల దగ్గరి బిరడాలను ఒక్కొక్కటే వెనక్కి తిప్పటం మొదలుపెట్టాడు. తీగలు మూలుగుతూ దిగిపోయాయి.

"వద్దన్నా గదా."

"సచ్చేదాన్ని దినామూ కూసోని చూసే ఓపిక నాకు లేదు," అన్నాడు ఆంటో. రేకును డబ్బాలో వేసి మూత పెట్టాడు. అరచేతికి ఉమ్ము రాసుకుని పలక మీది పెన్సిలు అంకెలను రుద్దాడు. అవి చెరగలేదు, మసకబారాయి. "వెనక పలక ఊడదియ్యాల. లోపల బద్ద పెట్టాల."

కోదండరాం గొంతు సవరించుకున్నాడు. "ఎట్ల ఊడదీస్తారు?"

అడిగాక చుట్టూ చూశాడు. వసారా అలాగే ఉంది. ఎత్తు తగ్గిన గుర్తులేమీ కనబడలేదు.

"నాకేం తెలుసు," అన్నాడు ఆంటో. "కత్తి కాల్చి జిగురులో దూరుస్తారంట. నేనెప్పుడూ చేసింది లేదు. ప్రేమ్‌గాడు వీడియోలు చూస్తాడుల, వాణ్ణి అడుగుదాం. వాడి మెషిను కూడా ఆపాల, ఆ నంబర్లతో ఏం కోస్తా ఉండాడో." ఫోను నొక్కి, మోగుతుండగా కోదండరాం చేతిలో పెట్టాడు. "నువ్వు చెప్పు."

"నువ్వు చెప్పరాదా?"

"నీ చెయ్యి చెబుతాదిలే. మాట్లాడు."

అవతల మెషిను రొద. తర్వాత రొద ఆగింది. "చెప్పు అణ్ణా, ఏమయింది?" అన్నాడు ప్రేమ్‌నాథ్.

"ప్రేమ్, ఆ నంబర్లు వాడొద్దు," అన్నాడు కోదండరాం. "విషయం ఏందంటే, ఈ నవంబరు గాలికి చెక్క..."

ఆంటో కళ్ళెత్తి చూశాడు.

కోదండరాం ఆగాడు. కింద వీధిలో ఎవరో ఐసు గడ్డ కొడుతున్నారు.

"గాలి కాదు," అన్నాడు. "మొదట్నించి చెప్తా, విను. ఆంటో ఒక మాటన్నాడు. నేను దాన్ని ఇంకోరకంగా విన్నా."

"ఏం మాట అణ్ణా?"

"అడగలేదు కూడా," అన్నాడు ఆంటో ఫోను దగ్గరికి వంగి. "అది కూడా చెప్పు."